వీధి బాలల డాన్ బాస్కో
డాన్ బాస్కో పేరు మనం స్కూలు బోర్డుల మీదే ఎక్కువగా చూస్తుంటాం. ఆయన కథ మాత్రం గారడీతో మొదలవుతుంది. 1815లో ఇటలీలోని బెక్కి పల్లెలో పేద రైతు ఇంట పుట్టిన జాన్‌కు రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయాడు. సంతల్లో గారడీవాళ్లను చూసి తాడు మీద నడవడం నేర్చుకున్నాడు. తోటి పిల్లలకు ఆ ఆట చూపిస్తూనే మధ్యలో ఆపి, చర్చిలో విన్న ప్రసంగాన్ని అప్పజెప్పేవాడు.

1841లో గురుపట్టాభిషేకం పొందాక ట్యూరిన్ జైళ్లకు వెళ్లాడు. పని కోసం పట్నానికి వచ్చి దొంగతనాల్లో చిక్కుకున్న కుర్రాళ్లు అక్కడ కనిపించారు. విడుదలయ్యాక ఆదరించేవారు లేక మళ్లీ జైలుకే వచ్చేవారు. జైలు దాకా రాకముందే వాళ్లను కలవాలని ఆయన నిశ్చయించుకున్నాడు. 1846లో వాల్డొక్కోలో ఒక పాక అద్దెకు దొరికింది. ఆటలు, పాటలు, నాటకాలు, రాత్రి బడి, తర్వాత చెప్పుల పని, దర్జీ పని, వడ్రంగం, అచ్చుపని అన్నీ అక్కడే నేర్పించాడు. పిల్లల్ని కొట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు.

తల్లి మార్గరెట్ పల్లె విడిచి వచ్చి వాళ్లందరికీ వండిపెట్టింది. పెళ్లినాటి నగలు అమ్మింది. ఆమె పెంచుకున్న కూరపాదుల్ని పిల్లలు తొక్కేస్తే, ఉతికిన బట్టలు మట్టిపాలు చేస్తే ఒకరోజు విసిగిపోయి ఊరికి వెళ్లిపోతానంది. కొడుకు వాదించలేదు, గోడ మీది సిలువను చూపించాడంతే. భక్తుల జీవితాల్లోని ఇలాంటి విసుగును మనం ఎందుకో దాచేస్తుంటాం. ఆమె మళ్లీ పనిలో పడింది, 1856లో చనిపోయేదాకా అక్కడే ఉంది.

డాన్ బాస్కో 1888లో కన్నుమూశాడు. ఆయన స్థాపించిన సలేషియన్ సభ గురువులే 1989లో విజయవాడ వీధి బాలల కోసం నవజీవన్ బాల భవన్ తెరిచారు.