హైన్రిక్ హెర్ట్జ్ పండితుని చరిత్రము

నేడు పెద్ద దేవాలయములలో బోధకుడు తీగలేని మైకును ధరించి ప్రసంగించుటయు, ద్వారములయొద్ద పరిచర్య చేయువారు వాకీటాకీలతో మాటలాడుకొనుటయు సామాన్యమైనవి. అట్టి పరికరమును త్రిప్పి చూచినచో పెక్కింటిమీద ఒక సంఖ్యయు, దాని ప్రక్క మెగాహెర్ట్జ్ అను మాటయు కానవచ్చును. ఆ సంఖ్య పరికరము వాడు తరంగముయొక్క పౌనఃపున్యము. అనగా ఆ తరంగము సెకనునకు ఎన్ని పదిలక్షలసార్లు కంపించునో తెలుపునది. ఒకే సంఖ్యగల రెండు పరికరములు ఒక్కచోట పనిచేసినచో ఒకదాని మాట మరియొకదానిని చెరుచును. ఆ మాటలో పేరు నిలుపుకొనిన మహనీయుని చరిత్రమును మా చదువరులకు తెలుపగోరుచున్నాము.

హైన్రిక్ హెర్ట్జ్ 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన హాంబర్గు నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, యూదుల వంశమున బుట్టి, బాల్యముననే లూథరను సంఘమున చేరినవాడు. హెర్ట్జ్ చిన్ననాటనే వడ్రంగమును, తరిమెన పనిని నేర్చి, తనకు వలయు పరికరములను స్వయముగా చేసికొనుచుండెను. అరబ్బీ భాషయు నభ్యసించెను. మొదట ఇంజనీరు విద్యకు పూనుకొనెను గాని మనస్సు ప్రకృతిశాస్త్రము వైపే లాగుచుండుటచే 1877లో మ్యూనిక్కున దానినే చేపట్టెను. మరుసటి యేట బెర్లినులో హెల్మ్‌హోల్ట్జ్ పండితునికి శిష్యుడై, 1880లో డాక్టరు పట్టమును బొందెను.

విద్యుచ్ఛక్తి తరంగములై ఆకాశమున వ్యాపింపగలదని మాక్స్‌వెల్ అను స్కాట్లండు పండితుడు గణితముచే 1865 నాటికే తెలిపియుండెను. కాని యట్టి తరంగములను ఎవరును పుట్టించి కొలిచి చూపినవారు లేరు. ఆ సిద్ధాంతమునకు సంబంధించిన సమస్య నొకదానిని 1879లో గురువు శిష్యునికి చూపెను. అప్పటి సాధనములతో అది సాధ్యము కాదని గ్రహించి శిష్యుడు దానిని ప్రక్కన బెట్టెనే గాని మరచిపోలేదు.

1885లో హెర్ట్జ్ కార్ల్స్‌రూహే కళాశాలలో ఆచార్యుడాయెను. మరుసటి యేట ఎలిజబెత్ డాల్ అను నామెను వివాహమాడెను. అచ్చట 1886 మొదలు 1888 వరకు ఆయన చేసిన ప్రయోగములే ఆయనకు శాశ్వతకీర్తి దెచ్చినవి. రెండు లోహపు కొనల నడుమ విద్యుత్తును రవ్వలుగా దుమికించెను. దూరమున సన్నని సందు విడిచిన తీగవలయము నుంచగా ఆ సందులోను చిన్న రవ్వ మెరసెను. ఆ రవ్వ యెంత సూక్ష్మమనగా దానిని జూచుటకు చీకటిగది కావలసివచ్చెను.

పిమ్మట తుత్తునాగపు రేకును ఎదుట నిలిపి, తరంగములు దానికి తగిలి తిరిగివచ్చునట్లు చేసెను. వచ్చునవియు పోవునవియు కలియుటచే కొన్నితావుల రవ్వ వెలిగెను, కొన్నితావుల ఆరెను. ఆరిన తావులకు నడుమ దూరము తరంగపు పొడవులో సగము. ఒక ప్రయోగమున ఈ దూరము సుమారు 33 సెంటీమీటర్లుగా తేలెను. కావున తరంగపు పొడవు 66 సెంటీమీటర్లు. ఆ తరంగములు మూసిన చెక్కతలుపును దాటి ప్రక్కగదిలో రవ్వను పుట్టించెను. తారుతో పోతపోసిన పెద్ద పట్టకమున కాంతివలెనే వంగెను. ఇట్లు కన్ను గాననిది కొలతకు లోబడెను.

మా చదువరులు ఇచ్చట చిన్న లెక్క చేయవచ్చును. సెకనునకు 30 కోట్ల మీటర్ల వేగమును 0.66 మీటరుతో భాగించినచో సుమారు 45 కోట్లు వచ్చును. అది రమారమి 450 మెగాహెర్ట్జ్. నేటి చేతి వాకీటాకీలు పెక్కులు ఈ సంఖ్యకు సమీపముననే పలుకుచున్నవి. గోడలకును తలుపులకును అవి లోబడవు గనుకనే ఒక మందిరపు మైకు ప్రక్క మందిరమున వినబడుట సంభవించును. అందుచే ఎవరి సంఖ్య యేదో ముందుగా తెలిసికొనవలెను. పరికరముపై అచ్చు చెరిగినచో, పౌనఃపున్యములను వరుసగా వెదకి చూపు యంత్రముచే దానిని కనుగొందురు. అమెరికా ప్రభుత్వమువారు 2010 జూన్ 12వ తేదీనుండి 698 మొదలు 806 మెగాహెర్ట్జ్ వరకు తీగలేని మైకులను నిషేధించినప్పుడు, అచ్చటి దేవాలయములవారును తమ మైకుల సంఖ్యలను పరిశీలించుకొనవలసినవారైరి.

హెర్ట్జ్ 1889లో బాన్ నగరమునకు ఆచార్యుడై వెళ్లెను. 1890లో లండను రాయల్ సొసైటీవారి రంఫర్డు పతకమును బొందెను. కాని కఠినవ్యాధి పైబడెను. శస్త్రచికిత్సలు జరిగినను గుణము కలుగక 1894 జనవరి 1వ తేదీన, 36 ఏండ్ల ప్రాయమున, భార్యను ఇద్దరు పసికుమార్తెలను విడిచి మృతినొందెను. నాజీల కాలమున తండ్రి వంశము కారణముగా ఆ తల్లియు కుమార్తెలును స్వదేశము విడిచి ఇంగ్లండున తలదాచుకొనవలసివచ్చెను. ఏ దేశమునకు ఆయన కీర్తి దెచ్చెనో ఆ దేశముననే ఆయన యింటివారికి నీడ లేకపోయెను.

అయినను ఆయన పేరు చెరగలేదు. 1960లో అంతర్జాతీయ కొలతల మహాసభ హెర్ట్జ్ అను మాటను పౌనఃపున్యమునకు ప్రమాణముగా అంగీకరించెను. తన తరంగములపై మానవస్వరము ప్రయాణించుట ఆయన వినలేదు. విద్యార్థులారా, సాధ్యము కాని పనిని మరువక, సాధనము దొరకువరకు కాచుకొని, చీకటిలో చిన్నరవ్వను ఓపికతో కనిపెట్టి కొలిచినందుననే నేడు వేలమందికి ఒక స్వరము స్పష్టముగా వినబడుచున్నది. మీ చేతికి మైకు వచ్చిననాడు దానిమీది సంఖ్యను చదివి, ఈ శ్రమజీవిని స్మరింపుడని కోరుచున్నాము.