దేవుని నీడలో పనివాడు – బెసలేలు

దేవుని ఆత్మతో నింపబడినవాడని హెబ్రీ లేఖనములు మొట్టమొదట పేరెత్తి చెప్పిన మనుష్యుడు యాజకుడు కాడు, ప్రవక్త కాడు, రాజు కాడు. అతడు బంగారమును, ఇత్తడిని, రత్నములను, కఱ్ఱను తన చేతులతో మలచు పనివాడు. అతని పేరు బెసలేలు. దేవుని నీడలో అని ఆ పేరునకు అర్థము.

నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు ఇతనిని పేరుపెట్టి పిలుచునప్పుడు, తండ్రియైన ఊరును, తాతయైన హూరును, యూదా గోత్రమును కూడ స్మరించెను. తోటి పనివాడైన అహోలీయాబునకు తండ్రి పేరు, గోత్రము మాత్రమే చెప్పబడినవి. బెసలేలు వంశావళి తాతవరకు వెళ్లుట గమనింపదగినది. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుచుండగా, అహరోనుతో కలిసి మోషే చేతులను ఆదుకొనిన హూరు ఇతడేయని యూదుల పారంపర్యము. మోషే కొండ ఎక్కునప్పుడు ప్రజలను అహరోనుకును హూరుకును అప్పగించెను. అయితే దూడను చేసిన నాడు అహరోను మాత్రమే కనబడును. హూరు పేరు వినరాదు. ఆ విగ్రహమును ఎదిరించి అతడు ప్రాణము కోల్పోయెనని ఆ పారంపర్యమే చెప్పుచున్నది. లేఖనము మౌనముగా నున్నది.

ఇందులో ఒక గంభీరమైన సంగతి కలదు. కొండమీద దేవుడు బెసలేలును పేర్కొనిన ఆ దినములలోనే, కొండ క్రింద ప్రజలు తమ చెవుల పోగులు తీసి ఇచ్చుచుండిరి. అహరోను పోగరుతో దానికి రూపము కల్పించెను. అక్కడను బంగారమే, ఇక్కడను బంగారమే. అక్కడను చేతి నేర్పే, ఇక్కడను చేతి నేర్పే. ప్రజలు తొందరపడి తమకు నచ్చిన దేవుని చేసికొనిరి. బెసలేలు తనకు చూపబడిన మాదిరికి లోబడెను. భేదమంతయు ఇందే యున్నది.

దేవుడు క్షమించిన తరువాతనే మందిరపు పని మొదలాయెను. ఒకప్పుడు దూడకొరకు పోగులిచ్చిన ప్రజలే ఇప్పుడు ప్రతి ఉదయమును కానుకలు తెచ్చిరి. అవి చాలినంతకంటె మించిపోగా, ఇక తేవద్దని మోషే చాటింపవలసి వచ్చెను. స్త్రీలు నూలు వడికిరి. సేవచేయు స్త్రీల అద్దములు గంగాళమునకు ఇత్తడి ఆయెను. పనికి వాడబడిన బంగారము 29 మణుగుల 730 తులములు. నేటి తూనికలో సుమారు 1,000 కిలోలు. తుమ్మకఱ్ఱతో రెండున్నర మూరల పొడవైన మందసమును, ఒక మణుగు మేలిమి బంగారముతో దీపవృక్షమును బెసలేలు చేసెను. గుడారముమీద కప్పుటకు ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు కూడ సిద్ధపరచబడెను. నిన్నటివరకు ఐగుప్తులో ఇటుకలు చేసిన దాసుల చేతులివి.

అతని వరమును వర్ణించు జ్ఞానము, వివేకము, తెలివి అను మూడు హెబ్రీ పదములే సామెతలు 3వ అధ్యాయములో భూమ్యాకాశముల సృష్టిని గూర్చి వాడబడినవి. అంతేకాక, ఇతరులకు నేర్పు మనస్సును దేవుడతనికిచ్చెను. యూదా వంశస్థునికి ఇయ్యబడినది దాను గోత్రికునికిని ఇయ్యబడెను. దాచుకొనిన నేర్పు పనివానితోనే సమాధియగును. నేర్పినది తరతరములు బ్రదుకును.

బెసలేలు మరణము ఎక్కడను వ్రాయబడలేదు. అయితే సొలొమోను రాజు గిబియోనునకు వెళ్లినప్పుడు, అతడు చేసిన ఇత్తడి బలిపీఠము ఇంకను అక్కడ ఉండెను. దానిని చెప్పుచు దినవృత్తాంతముల గ్రంథకర్త తండ్రి పేరును తాత పేరును మరల తలంచెను. అటుపిమ్మట దేవాలయపు ఇత్తడిపనికి తూరునుండి వచ్చిన హీరామును వర్ణించుటకు 1 రాజులు 7వ అధ్యాయము ఆ మూడు పదములనే వాడెను. అతని తండ్రియు ఇత్తడి పనివాడే. 1906లో బోరిస్ షాట్జ్ యెరూషలేములో స్థాపించిన కళాశాలకు బెసలేలు పేరే పెట్టబడెను.

ప్రియ చదువరీ, మన పితరులలో మగ్గము నేసినవారు, తోలు కుట్టినవారు, ఉలి పట్టినవారు అనేకులు. ఆ పనులను హీనముగా ఎంచిన లోకమును మనమెరుగుదుము. ఆ తలంపును మన ఇండ్లలోనికి రానియ్యకుందము. నేయబడిన తెరలలోను, కుట్టబడిన తోళ్ల క్రిందను నివసింప సమ్మతించిన దేవుడు, అట్టి చేతులను తన ఆత్మతో నింపెను.