గెలీలియో గారి పెండింగు ఫైలు

పీసా వాలు గోపురం మీదినుంచి గెలీలియో గుండ్లు వదిలిన కథ మనమంతా బళ్ళో విన్నదే. ఆయన పోయాక శిష్యుడు వివియానీ రాసిన చరిత్రలో అది ఉంది. నిజంగా జరిగిందా అన్నది పండితుల్లో తగాదా. నన్నడిగితే గోపురం కన్నా ఆయన ఏటవాలు చెక్క గొప్పది.

గెలీలియో 1564లో ఇటలీలోని పీసాలో పుట్టారు. వైద్యం చదవమని పంపితే గణితం మీద మనసుపడి, 1585లో పట్టా లేకుండానే బయటికొచ్చారు. 1591లో సంగీత విద్వాంసుడైన తండ్రి పోవడంతో సంసారభారం ఆయన మీద పడింది. మరుసటి ఏడు పాదువా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికింది గానీ, చెల్లెళ్ల కట్నం బాకీలకు ఆ జీతం చాలలేదు. ఇంట్లో విద్యార్థులకు బస, భోజనం పెట్టి ప్రైవేట్లు చెప్పారు. (ఈ అవస్థ మనకేం కొత్త!)

చలనాన్ని లెక్కకట్టింది ఆ రోజుల్లోనే. నిట్టనిలువుగా పడే వస్తువు వేగం కంటికి అందదు. అందుకని పొడవాటి చెక్కకు నున్నని గాడి తీసి, ఒక కొస ఎత్తి, కంచు గుండును దొర్లించారు. సెకన్లను నమ్మకంగా కొలిచే గడియారం ఆయనకు అందుబాటులో లేదు. పెద్ద పాత్ర అడుగున సన్న గొట్టం అమర్చి, కారిన నీటిని తూచి కాలం తెలుసుకున్నారు. మొదటి గడువులో గుండు జానెడు పోతే, అంతే గడువు రెండోసారి గడిచేసరికి మరో మూడు జానలు, ఆపైన ఐదు, ఏడు. మొత్తం కూడితే 1, 4, 9, 16. అంటే కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఎందుకు పడుతుందన్నది పక్కనబెట్టి, ఎలా పడుతుందో అంకెల్లో చూపించారు.

ఆ కాగితాలు పాతికేళ్లకు పైగా పెండింగులో పడ్డాయి. నడుమ దుర్భిణి, భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న వాదం, 1633లో రోములో మత న్యాయస్థానం విచారణ. 69 ఏళ్ల మనిషిని మోకరిల్లజేసి ఆ వాదం వదులుకున్నానని చెప్పించారు. ఆపైన గృహనిర్బంధం. మరుసటి ఏడే, ఉత్తరాలతో ధైర్యం చెప్పే పెద్దకూతురు పోయింది.

మరొకరైతే మూలన కూర్చుందురు. ఆయన ఫ్లారెన్సు పక్కన ఆర్చెత్రి ఇంట్లో ఆ పాత కాగితాలు దులిపి పుస్తకం పూర్తిచేశారు. ఆయన పుస్తకాల అచ్చు మీద నిషేధం ఉండగా, రాతప్రతి హాలండు చేరి 1638లో లైడెన్‌లో అచ్చయింది. అప్పటికి రెండు కళ్లూ పోయాయి. అయినా 1641లో లోలకంతో నడిచే గడియారం ఎలా ఉండాలో కొడుకుకు నోటితో చెప్పారు. అది తయారుకాకముందే, 1642 జనవరి 8న కన్నుమూశారు.