హారియెట్ పవర్స్: బొంత మీద కుట్టిన సాక్ష్యం

పాత చీరలు, పంచెలు పారేయకుండా మన అమ్మమ్మలు బొంతలు కుట్టేవారు. అతుకుల బొంత అనే మాటను మనం కాస్త చులకనగానే వాడతాం. అయితే అమెరికాలో బానిసగా పుట్టిన ఒక సహోదరి కుట్టిన రెండు అతుకుల బొంతలు ఈనాడు ఆ దేశపు పెద్ద మ్యూజియములలో భద్రంగా ఉన్నాయి. ఒకటి వాషింగ్టన్‌లో, మరొకటి బోస్టన్‌లో. ఆమె పేరు హారియెట్ పవర్స్. ఈ వారం ఆమె జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

1837 అక్టోబరు 29న జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ పట్టణానికి సమీపాన ఆమె పుట్టింది. పుట్టిన నాటి నుండే ఆమె వేరొకరి ఆస్తి. అక్కడ బానిసలకు చదువు చెప్పడం 1829 నాటి చట్టం ప్రకారం నేరం. యజమానులు బానిసలను ఆరాధనకు రానిచ్చినా, వారికి తరచుగా వినిపించిన బోధ ఒక్కటే: యజమానికి లోబడి ఉండాలి. ఆ యజమానులు కూడా ప్రతి ఆదివారం గుడికి వెళ్లినవారే. ఈ సంగతిని క్రైస్తవులమైన మనం దాచిపెట్టకూడదు.

1855లో ఆర్మ్‌స్టెడ్ పవర్స్‌తో ఆమెకు పెళ్లయింది. బానిసల పెళ్లికి చట్టంలో విలువ లేదు. కన్నబిడ్డలను అమ్మే అధికారం కూడా యజమానిదే. ఆమెకు కనీసం తొమ్మిదిమంది పిల్లలు. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. 1880ల నాటికి ఆ దంపతులు నాలుగెకరాల సొంత పొలం సంపాదించుకున్నారు.

1886లో ఏథెన్స్‌లో పత్తి సంత జరిగింది. జార్జియా సంపదంతా బానిసలు పండించి ఏరిన పత్తి మీద నిలిచినది. అదే పత్తి పేరిట జరిగిన ఆ సంతలో హారియెట్ తన బొంతను ప్రదర్శనకు పెట్టింది. అందులో పదకొండు గడులు. ఆదాము హవ్వలు, హేబెలును చంపుతున్న కయీను, యాకోబు కల, యేసు బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనం, ముప్పది వెండి నాణెములతో యూదా, సిలువ. రంగు గుడ్డలను మనుషులుగా, జంతువులుగా, నక్షత్రాలుగా కత్తిరించి అతికించింది. కొంత చేతితో, కొంత మిషను మీద కుట్టింది.

జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖనం టీచరు ఆ బొంతను చూసి కొంటానన్నది. ఎంత ఇచ్చినా అమ్మనని హారియెట్ చెప్పేసింది. నాలుగేళ్లు గడిచాక చేతిలో డబ్బు ఆడక తానే ఎద్దుబండి మీద బొంతను గోనెసంచిలో పెట్టి తెచ్చింది. పది డాలర్లు అడిగింది. టీచరు అయిదే ఇస్తానన్నది. భర్త సలహా మీద ఆ అయిదుకే ఇచ్చేసింది. ఇచ్చే ముందు ఒక్కో గడి అర్థం వివరంగా చెప్పింది, టీచరు రాసుకొన్నది. ఆమె మాట మనకు అందినది చాలావరకు ఆ కొన్న మనిషి కాగితం వల్లనే. తరువాత హారియెట్ తన బొంతను చూసుకోవడానికి మరి కొన్నిసార్లు ఆ ఇంటికి వచ్చింది. మిగిలిన గుడ్డముక్కలన్నీ ఆమెకోసం దాచిపెడతానని టీచరు మాట ఇస్తే కొంత ఊరట పొందిందట. ఈ సంగతి దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము.

రెండవ బొంత 1898లో అట్లాంటా యూనివర్సిటీ అధ్యాపకుల భార్యల ద్వారా ఒక దైవజనునికి కానుకగా వెళ్లింది. అందులో పదిహేను గడులు. ఎర్రసముద్రం లేదు, ఫరో లేడు. తన శత్రువుల కోసం ప్రార్థించే యోబు ఉన్నాడు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పము దగ్గరకు తల్లులు బిడ్డలను తెస్తున్నారు. యోనా ఉన్నాడు, ఉగ్రతా పాత్రలతో దేవదూతలు ఉన్నారు. వాటి పక్కనే 1833లో నక్షత్రాలు రాలిన రాత్రి. ఆమె పుట్టక నాలుగేళ్ల ముందు జరిగిన సంగతి అది. లోకాంతం వచ్చిందని జనం వణికిపోతే దేవుని చెయ్యి ఆ నక్షత్రాలను ఆపిందని ఆమె వివరణ. ఇంకొక గడిలో దేవుని సంగతి నేర్చుకోని ధనవంతులకు వచ్చిన శిక్ష, అదే గడిలో జార్జియా నుండి వర్జీనియాకు అయిదువందల మైళ్లు పరుగెత్తిన బెట్స్ అనే ఆడపంది. పారిపోయిన బానిసల జాడ ఆ పందిలో ఉందని కొందరు చదువుతారు. మాకైతే ఆ మాట అతిశయోక్తి అనిపించలేదు.

ఆమెకు అక్షరం రాదని, విన్న ప్రసంగాలనే కుట్టిందని చాలాకాలం రాస్తూ వచ్చారు. అయితే 1896 నాటి ఆమె ఉత్తరపు ప్రతి ఒకటి ఈ మధ్య పరిశోధకులకు దొరికింది. బాల్యంలో తెల్లవారి పిల్లల వద్ద అక్షరాలు నేర్చుకొన్నట్టు, ప్రభురాత్రి భోజనం మీద మరొక బొంత కూడా కుట్టినట్టు అందులో ఉంది. ఆ బొంత ఎక్కడా దొరకలేదు.

1890లలో పొలం కొంచెం కొంచెంగా అమ్ముకోవలసి వచ్చింది. 1910 జనవరి 1న ఆమె మరణించింది. ఏథెన్స్‌లోని గాస్పెల్ పిల్‌గ్రిమ్ శ్మశానంలో ఆమె సమాధి రాయి తుప్పల మధ్య 2005లో గాని బయటపడలేదు. రెండు బొంతలను ఒకే కప్పు కింద జనం మొదటిసారి చూసినది 2021లో, బోస్టన్‌లో.