ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ‘ముసవ్విర్ జంగ్’ అను బిరుదు ప్రసాదించినది కుంచె పట్టినవారికి కాదు, కెమెరా పట్టిన రాజా దీన్‌దయాళ్ గారికి. నాటి హైదరాబాదు ప్రభువర్గం ఆరుబయట ఎట్లు విహరించేదో నేడు మనం చూడగలుగుతున్నామంటే అది చాలవరకు ఆయన చలువే.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపాన సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోర్ ప్రజాపనుల శాఖలో అంచనాలు కట్టే, నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. 1874 ప్రాంతాన కెమెరా చేపట్టారు. తుకోజీరావు హోల్కరు ఆదరణ లభించింది. అటుపిమ్మట హైదరాబాదు చేరి నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారులై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో జనానా స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి ఆస్థాన గుర్తింపు కూడా లభించింది.

1902లో వరంగల్లు ప్రాంతపు నెక్కొండ వద్ద కర్జన్ ప్రభువు దంపతులు వేటాడిన పులితో నిలిచిన చిత్రం ప్రసిద్ధం. ఇట్టి వేట, విందు చిత్రాలను మేము ఫ్రెంచి చిత్రకారుడు మానే 1862లో గీసిన ట్యుయిలరీ ఉద్యానవన చిత్రంతో పోల్చి చూశాము. అందులో పారిస్ నాగరిక సమాజం చెట్ల క్రింద గుమిగూడి ఉన్నది. ఎవరు ఎవరికన్న అధికులో తెలియదు. చిత్రకారుడు సైతం ఎడమ అంచున తానూ నిలిచాడు. దీన్‌దయాళ్ గారి బృందచిత్రాలు అట్లు కావు. కుర్చీ ఎవరిది, తివాచీ ఎవరిది, వెనుక నిలువవలసినదెవరు అన్నది అంతా ముందే నిర్ణయమై ఉన్నది. నక్షాలు గీసిన చేయి కదా! ఆ విలాసంలో తీరిక కన్న క్రమశిక్షణే మాకు ఎక్కువగా కనిపించింది.

అయితే ఆ కెమెరాయే 1899–1900 నాటి కరువులో ఔరంగాబాదు సహాయ శిబిరాలకూ వెళ్ళింది. అక్కడివారెవరూ చిత్రం కొరకు ముస్తాబు కాలేదు. పులి చిత్రాన్ని మెచ్చుకొనేవారు ఈ చిత్రాలను కూడా చూడాలని మా అభిప్రాయం. ఈ రెంటినీ కలిపి చూడనిదే దీన్‌దయాళ్ అర్థం కారు.

ఆయన 1905లో బొంబాయిలో కన్నుమూశారు. స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది.

గత వార్షికోత్సవంనాడు మంఖాల్‌లోని మన కళాశాల మైదానంలో బృందచిత్రం తీశారు. కమిటీ పెద్దలు నడుమ, అధ్యాపకులం ఇరుప్రక్కల, విద్యార్థులు వెనుక. మా కుర్చీ కూడా ముందు వరుసలోనే. ఆ కుర్చీలన్నీ మోసుకొచ్చిన అటెండరు వేపచెట్టు క్రింద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. చిత్రం చేతికి వచ్చిన తరువాత, రెండవమారు చూసినప్పుడు గాని, అతడు అందులో లేడని మాకు తట్టలేదు.