రేపటి గాలిని ముందే చెప్పిన కెప్టెన్

మా ఊళ్ళో అల్పపీడనం అనే మాట పసిపిల్లలకి కూడా తెలుసు. మాది నిజాంపట్నం వైపు, నాన్నది బోటు మీద పని. టీవీలో బంగాళాఖాతం, అల్పపీడనం అని రెండు మాటలు వినపడితే చాలు, అమ్మ ఆరేసిన చేపలు లోపలికి తెచ్చేసేది, నాన్న రేవుకెళ్ళి బోటు తాళ్ళు చూసుకుని వచ్చేవాడు. నేనేమో ఇంగ్లీష్ మీడియం. ప్రెషర్ అంటే ఫోర్స్ బై ఏరియా అని బట్టీ కొట్టాను, పాస్కల్స్‌లో లెక్కలు చేశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ ఆ ప్రెషరూ ఈ పీడనమూ ఒకటేనని ఇంటర్ అయ్యేదాకా నాకు తట్టలేదు. నవ్వకండి. అల్పపీడనం అంటే తుఫానుకి చెల్లెలు అనుకునేదాన్ని.

ఫస్టియర్‌లో ఉండగా, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చింది. మా రూమ్మేట్ ఫోన్‌లో బారోమీటర్ సెన్సార్ ఉందని అప్పుడే తెలిసింది. ఒక యాప్ వేసుకుని గంట గంటకీ చూశాం. మామూలుగా వెయ్యికి పైన ఉండే హెక్టోపాస్కల్ అంకె మెల్లగా దిగడం మొదలైంది. 5వ తేదీ మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే వేళకి వెయ్యి కిందికి పోయింది. ఇంటికి ఫోన్ చేస్తే కలవడం లేదు. మర్నాడు నాన్న గొంతు వినేదాకా నాకు మిగిలింది ఆ అంకె ఒక్కటే. గాలి బరువు తగ్గడాన్ని చూసి రాబోయేది చెప్పొచ్చని, చెప్పి జనాన్ని ఆపొచ్చని మొదట ఎవరు పట్టుబట్టారో అని వెతుకుతూ పోతే ఒకాయన దొరికాడు. పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్‌ని ఓడ మీద తీసుకెళ్ళిన కెప్టెన్ అంటే చాలామందికి గుర్తొస్తాడు. ఆయన చేసిన అసలు పని ఆ తర్వాతది.

ఆయన 1805లో ఇంగ్లండ్‌లో, సఫోక్ ప్రాంతంలో పుట్టాడు. తాత డ్యూక్. వంశం రెండో చార్లెస్ రాజు దాకా వెళ్తుంది. పన్నెండేళ్ళకే పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ కాలేజీలో చేర్పించారు. చదువులో గట్టివాడు. 1828లో దక్షిణ అమెరికా కొసన సర్వే చేస్తున్న బీగిల్ ఓడ కెప్టెన్ ఆ ఒంటరితనం తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. ఆ ఓడని 23 ఏళ్ళ ఫిట్జ్‌రాయ్‌కి అప్పగించారు.

కెప్టెన్ అయిన కొన్ని వారాలకే, 1829 జనవరి చివర్లో, ప్లేట్ నది ముఖద్వారం దగ్గర ఒక గాలివాన ఉన్నట్టుండి ఓడ మీద పడింది. ఆ తీరంలో అలాంటి గాలిని పాంపెరో అంటారు. బారోమీటర్ ముందే దిగింది. ఆకాశం కూడా చెప్తూనే ఉంది. ఈయన తెరచాపలు దించడంలో ఆలస్యం చేశాడు. ఓడ పక్కకి ఒరిగిపోయింది, స్తంభాలు విరిగాయి, ఇద్దరు మనుషులు పోయారు. ఆ తప్పు తనదేనని ఆయన అనుకున్నాడు. నేను చదివినదంతా కలిపి చూస్తే, మిగతా జీవితమంతా ఆయన ఆ సాయంత్రానికే జవాబు చెప్పుకుంటూ బతికాడనిపిస్తుంది.

బారోమీటర్ అంటే పెద్ద మాయేమీ కాదు. మన నెత్తిమీద ఆకాశం చివరిదాకా గాలి నిలబడి ఉంది, దానికి బరువుంది. సముద్రమట్టం దగ్గర ఒక చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో. 1643లో ఇటలీలో టోరిసెల్లి పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసం గిన్నెలో తలకిందులుగా నిలబెడితే, లోపల పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగిపోయింది. బయటి గాలి బరువే దాన్ని నిలబెడుతోంది. ఆ బరువు తగ్గితే పాదరసం దిగుతుంది. ఒకచోట గాలి బరువు తక్కువైతే చుట్టుపక్కల ఎక్కువ ఉన్న చోటి నుంచి గాలి అటు పరిగెడుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా వెళ్ళలేక పక్కకి మళ్ళి, సుడి తిరుగుతుంది. మధ్యకి చేరిన గాలి పైకి లేస్తుంది, పైన చల్లబడుతుంది, అందులోని తేమ మబ్బుగా, వానగా మారుతుంది. మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. ఇది నేను హాస్టల్ మేడ మీద నిలబడి చూసుకున్నాను, తడిసి జలుబు తెచ్చుకున్నాను.

1831 డిసెంబర్‌లో బీగిల్ రెండోసారి బయల్దేరింది. తన ముందు కెప్టెన్‌కి పట్టిన గతి ఆయనకి తెలుసు. పైగా మేనమామ కాసిల్‌రీ కూడా ప్రాణం తీసుకున్నవాడే. మాట్లాడుకోవడానికి చదువుకున్న మనిషి ఒకడు పక్కన ఉండాలని వెతికితే 22 ఏళ్ళ డార్విన్ దొరికాడు. అతని ముక్కు ఆకారం చూసి పట్టుదల లేని మనిషేమో అని మొదట తటపటాయించాడట, ముఖం చూసి గుణం చెప్పే పిచ్చి ఆ రోజుల్లో ఉండేది. అయిదేళ్ళ ప్రయాణం గురించి అందరూ రాశారు కాబట్టి నేను వదిలేస్తున్నాను. తర్వాత ఆయన పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1843లో న్యూజిలాండ్ గవర్నర్‌గా వెళ్ళాడు. భూముల తగాదాల్లో మావోరీల మాటకి విలువిచ్చాడని వలస వచ్చినవాళ్ళకి కోపం. అక్కడ ఇంకా చాలా గొడవలయ్యాయి. 1845లో వెనక్కి పిలిచేశారు.

1854లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కింద వాతావరణ లెక్కలు చూసే చిన్న విభాగం పెట్టి, దానికి ఈయన్ని పెద్దగా వేశారు. చేతికింద ముగ్గురు. ఇచ్చిన పని ఓడలు తెచ్చే గాలి, పీడనం వివరాలు పోగేసి పట్టికలు వేయడం, అంతే. మన భాషలో చెప్పాలంటే డేటా ఎంట్రీ. అంచనాలు వేయమని ఎవరూ అడగలేదు. ఈయన ఊరుకోలేదు. పేద మత్స్యకారుల రేవుల్లో అందరికీ కనపడేలా బారోమీటర్లు పెట్టించాడు. వేటకి వెళ్ళేవాడు పాదరసం ఎంత ఉందని కాదు, ఎంత తొందరగా దిగుతోందో చూసుకోవాలని సులువుగా రాసిచ్చాడు. ఒక్క అంకెతో ఏమీ తెలియదు, అది ఎటు కదులుతోందో తెలియాలి.

1859 అక్టోబర్ 25 రాత్రి ఆస్ట్రేలియా నుంచి లివర్‌పూల్ వస్తున్న రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో చిక్కింది. బంగారం గనుల్లో సంపాదించుకుని ఇంటికొస్తున్న జనం అందులో ఉన్నారు. ఇల్లు ఒక్క రోజు దూరం. తెల్లారేసరికి యాంగిల్సీ తీరపు రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది, 400 మందికి పైగా పోయారు. ఆ ఒక్క తుఫానులో బ్రిటన్ చుట్టూ మునిగినవి 133 ఓడలు, పోయినవాళ్ళు దాదాపు 800 మంది. ఫిట్జ్‌రాయ్ దీపస్తంభాల నుంచి, రేవుల నుంచి ఆ రెండు రోజుల రీడింగులు తెప్పించి మ్యాపుల మీద పెట్టి చూశాడు. తుఫాను ఎటు నుంచి ఎటు నడిచిందో కనపడింది. తుఫాను గాలి కంటే తంతి వేగం. ముందు తాకిన ఊరు తర్వాతి ఊరికి చెప్పగలిగితే ఆ ఓడలు రేవులోనే ఉండేవి.

నాకు ఈ భాగం చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. పదిహేను తీరపు స్టేషన్ల నుంచి ప్రతి ఉదయం పీడనం, గాలి, వేడి వివరాలు టెలిగ్రాఫ్‌లో లండన్‌కి వచ్చేవి. కంప్యూటర్ లేదు, సమీకరణాలు లేవు. ఫిట్జ్‌రాయ్ తన అనుభవంతో అన్నీ పక్కపక్కన పెట్టుకుని, ప్రమాదం ఉందనిపిస్తే రేవులకి తంతి కొట్టేవాడు. అక్కడ స్తంభం మీద గుడ్డతో చేసిన నల్లటి శంకువులు, డ్రమ్ములు ఎగరేసేవాళ్ళు. శంకువు మొన పైకి ఉంటే ఉత్తరపు గాలి, కిందికి ఉంటే దక్షిణపు గాలి. మొదటి హెచ్చరిక 1861 ఫిబ్రవరిలో వెళ్ళింది. ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో మొదటి వాతావరణ సూచన అచ్చయింది. జోస్యం అనుకుంటారేమోనని దానికి ఫోర్‌కాస్ట్ అనే మాట వాడింది ఆయనే.

జనం ఎగబడి చదివారు. దీవికి ప్రయాణం కట్టే ముందు విక్టోరియా రాణి కూడా సముద్రం ఎలా ఉంటుందో కనుక్కోమని మనిషిని పంపేదట. కానీ తప్పినప్పుడు నవ్వినవాళ్ళు కూడా వాళ్ళే. అచ్చు వేసిన పత్రికే ఎగతాళి చేసింది. శాస్త్రవేత్తలకి ఇంకో అభ్యంతరం: దీని వెనక సిద్ధాంతం లేదు, ఊహలకి ప్రభుత్వం ముద్ర వేయడమేంటని. ఆ మాట తప్పు కాదు. నిజంగానే ఆయన పద్ధతిని ఇంకొకడు నేర్చుకునేలా లేదు. నేను మెషీన్ లెర్నింగ్ క్లాసులో ఫాల్స్ పాజిటివ్ గురించి విన్నప్పుడు మా రేవు గుర్తొచ్చింది. హెచ్చరిక జెండా ఉందని మూడు రోజులు వేట ఆపి, చివరికి ఆకు కూడా కదలకపోతే మా వాళ్ళు తిట్టని తిట్టు ఉండదు. డీజిల్ అప్పు, ఐసు అప్పు ఆగవు కదా. నాన్న ఒకసారి అలా విసిగిపోయి, తర్వాతి హెచ్చరిక లెక్కచేయకుండా వెళ్ళాడు. గాలి వచ్చింది. బోటు తిరిగొచ్చింది, వల రాలేదు. ఎవరి తప్పో నాకు ఇప్పటికీ తెలీదు.

డార్విన్ గొడవ కూడా ఆయన్ని తినేసింది. జీవుల పుట్టుక మీద ఆ పుస్తకం వచ్చింది 1859 నవంబర్‌లో, రాయల్ చార్టర్ మునిగిన నెలకే. దైవభక్తి గల ఫిట్జ్‌రాయ్‌కి తన ఓడ మీదే ఆ ఆలోచన మొలిచిందన్నది భరించలేని విషయం. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో దాని మీద పెద్ద చర్చ జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. తుఫానుల మీద పేపర్ చదవడానికి వెళ్ళి, బైబిల్ చేతపట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎవరూ వినలేదు.

చెవుడు వచ్చింది, నిద్ర పోయింది, సొంత డబ్బు ఉద్యోగాల్లోనే కరిగిపోయింది. 1865 ఏప్రిల్ 30, ఆదివారం ఉదయం ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. 59 ఏళ్ళు. కుటుంబానికి మిగిలిందేమీ లేదని తెలిసి స్నేహితులు చందాలు పోగేశారు. డార్విన్ వంద పౌన్లు ఇచ్చాడు.

ఆయన పోయాక ఒక కమిటీ వేసి, లెక్కలు చూసి, 1866లో సూచనలనీ హెచ్చరికలనీ ఆపేశారు. అప్పుడు రేవుల నుంచి ఒత్తిడి వచ్చింది. తప్పయినా సరే ఆ శంకువులు మాకు కావాలని అడిగింది ఓడల మీద బతికే వాళ్ళే. 1867లోనే తుఫాను హెచ్చరికలు తిరిగి మొదలుపెట్టాల్సి వచ్చింది. పత్రికల్లో రోజువారీ సూచనలకి మాత్రం 1879 దాకా ఆగారు.

అక్కడ ఈ వాదనలు నడుస్తున్న రోజుల్లో మన దగ్గర ఏం జరిగిందో చూస్తే బాధేస్తుంది. 1864 అక్టోబర్ 5న తుఫాను కలకత్తాని ముంచింది. నెల తిరక్కుండా, నవంబర్ 1 రాత్రి, ఇంకొకటి మచిలీపట్నం మీదికి వచ్చింది. సముద్రం ఊళ్ళోకి వచ్చేసి దాదాపు 30 వేల మంది పోయారు. చెప్పే శంకువు లేదు, చూసే స్తంభం లేదు. మర్నాటి ఏడాది కలకత్తా రేవుకి హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ విభాగం ఏర్పడింది.

బ్రిటన్ రేడియోలో ఓడల కోసం చదివే వాతావరణ వార్తల్లో సముద్రాన్ని ముక్కలు ముక్కలుగా పేర్లు పెట్టి చదువుతారు. 2002లో అందులో ఫినిస్టర్ అనే ముక్కకి ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చారు. మనుషుల పేరు మీద ఉన్నది అదొక్కటే.

మొన్న దసరా సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు నాన్న ఫోన్‌లో కూడా సెన్సార్ ఉందేమో వెతికాను. లేదు. రూమ్మేట్ ఫోన్ స్క్రీన్‌షాట్లు చూపించి, అంకె గబగబా దిగుతుంటే వేటకెళ్ళొద్దు, మెల్లగా అటూ ఇటూ ఊగుతుంటే భయం లేదు, రోజూ ఊగుతుంది అని చెప్పాను. నాన్న అంతా విని, దిగేటప్పుడు మోకాలు నొప్పి పుడుతుందే, దానికి యాప్ ఎందుకమ్మా అన్నాడు. ఆ తర్వాత మాత్రం, నేను కాలేజీకి వచ్చేశాక, వారానికి రెండుసార్లు ఫోన్ చేసి అంకె ఎంతుందని అడుగుతున్నాడు.