విద్యాధురంధరుడు కట్టమంచి రామలింగారెడ్డి

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరులు నెలకొల్పిన అనుభవ మంటపమున చెప్పులు కుట్టు హరళయ్యకును, పడవ నడుపు చౌడయ్యకును, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసునకును ఒక్కటే ఆసనము. జ్ఞానము ఏ యొక్క కులమువారి సొత్తును కాదని ఆ మంటపము లోకమునకు చాటినది. కాలక్రమమున ఆ కన్నడ దేశమందే బడి తలుపులు కొందరు బిడ్డలకు మూతపడియుండెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఆ తలుపులను తెరపించిన విద్యాధికారులలో మన రాయలసీమకు చెందిన తెలుగువాడు ఒకరు కలరు. వారే డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారు వీరశైవులు కాకపోయినను వారి కాయకము శరణులు మెచ్చదగినది.

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరును ఆనుకొనియున్న కట్టమంచి గ్రామమున సుబ్రహ్మణ్యరెడ్డి, నారాయణమ్మ దంపతులకు జన్మించిరి. చిత్తూరున ప్రాథమిక విద్య ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. అచ్చటి విద్యార్థి దశయందే, ఇరువదియేండ్ల ప్రాయమైనను నిండకమునుపే, ముసలమ్మ మరణము అను కావ్యమును రచించిరి. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము చెరువు కట్ట తెగబోవు వేళ, ఊరిని కాపాడుటకై తన్ను తాను బలి యిచ్చుకొన్న రైతు కోడలి కథ అది. రాజులను, దేవతలను విడిచి ఒక పల్లె పడుచును కావ్యనాయికగా గ్రహించుట ఆనాటికి క్రొత్త. ఆధునిక తెలుగు కవిత్వమునకు దారి చూపిన కృతులలో దానిని విమర్శకులు లెక్కింతురు.

1902లో భారత ప్రభుత్వ విద్యార్థి వేతనముతో ఇంగ్లండునకు వెడలి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర నభ్యసించి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైరి. ఆ విశ్వవిద్యాలయపు యూనియన్ సభకు ఉపాధ్యక్షులుగా ఎన్నికై, ఆంగ్ల వక్తల నడుమ తమ వాగ్ధాటిచే కీర్తి గడించిరి. స్వదేశమునకు మరలిన పిమ్మట కొంతకాలము బరోడా కళాశాలలో పనిచేసి, తరువాత మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులైరి.

అప్పుడు మైసూరును నాలుగవ కృష్ణరాజ ఒడెయరు ఏలుచుండిరి. 1912 మొదలు 1918 వరకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా నుండిరి. స్వదేశ సంస్థానమున విశ్వవిద్యాలయమును స్థాపింపవలెనని తలపెట్టి, ఇతర దేశముల విశ్వవిద్యాలయముల పద్ధతులను పరిశీలించి వచ్చుటకు పంపబడినవారిలో రామలింగారెడ్డిగారొకరు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము అవతరించెను. మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన రెడ్డిగారిని 1918లో సంస్థాన ప్రభుత్వము విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించెను. సంస్థానములోని సర్కారు బడులన్నియు ఆ యధికారి పర్యవేక్షణ క్రిందివే.

కళాశాల గదిలో చరిత్ర బోధించుట వేరు. పల్లెపల్లెన బడి నడుపుట వేరు. సర్కారు ధనముతో నడచు పాఠశాలలో పంచముల బిడ్డలు కాలు మోపరాదను ఆచారము పెక్కు తావుల పాతుకొనియుండెను. వారికి బడి యున్నను అది వేరుగా, ఊరి వెలుపల నుండెడిది. పన్ను అందరినుండియు గైకొని, పాఠము కొందరికే చెప్పుట న్యాయము కాదని రెడ్డిగారు గట్టిగా నమ్మిరి. కుల వివక్ష లేక ప్రభుత్వ పాఠశాలలలో ఎల్ల బిడ్డలను చేర్చుకొనవలెనను నియమమును అమలు జరిపించుటకు పూనుకొనిరి. అగ్రవర్ణములవారు కొందరు ఆగ్రహించిరి. తమ బిడ్డలను బడి మాన్పించిరి. అధికారి ఒక మెట్టు దిగియుండిన నియమము కాగితముపైననే నిలిచిపోయెడిది. రెడ్డిగారు దిగలేదు.

అదే కాలమున మైసూరునందు లింగాయతులు, వొక్కలిగలు, మహమ్మదీయులు మున్నగు సమాజముల నాయకులు కూడి, విద్యయందును సర్కారు కొలువులందును తమకు న్యాయమైన పాలు కావలెనని ప్రజామిత్ర మండలిని 1917లో స్థాపించిరి. రెడ్డిగారు ఆ ఉద్యమమునకు అండగా నిలిచిరి. 1918లో మహారాజు సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. దాని సిఫారసుల ననుసరించి వెనుకబడిన వర్గములకు అవకాశములు లభించెను. మైసూరు వీరశైవుల విద్యాభివృద్ధి చరిత్రను వ్రాయువారు ఒక తెలుగు విద్యాధికారి చేసిన ఈ తోడ్పాటును మరువరాదు.

1921లో రెడ్డిగారు మైసూరు కొలువును విడిచి మద్రాసు రాజకీయములందు ప్రవేశించిరి. శాసన మండలిలో జస్టిస్ పక్షమున నుండియు, దాని పాలన నచ్చక వేరుపడి, 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. అది వీగిపోయినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడగా దానికి ప్రథమ ఉపాధ్యక్షులైరి.

ఇచ్చట మన సీమకు సంబంధించిన చిక్కు తలయెత్తినది. విశ్వవిద్యాలయ కేంద్రము ఎచ్చట నుండవలెనని విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురముల నడుమ వాదములు చెలరేగెను. తుదకు విశాఖపట్టణము నిశ్చయమయ్యెను. దత్త మండలములవారు అంత దూరపు విద్యాలయము తమకు వలదని మద్రాసు విశ్వవిద్యాలయమునందే నిలిచిరి. 1928లో దత్త మండలములకు రాయలసీమ యను పేరు పెట్టిన సభ జరిగినది మన నంద్యాలయందే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల విద్యార్థికి విశాఖపట్టణముకన్న మద్రాసే దగ్గర. రాయలసీమ బిడ్డ నడుపు విశ్వవిద్యాలయమునకు రాయలసీమయే వెలుపల నుండుట విధి వైపరీత్యము. ఈ సీమకు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వచ్చెను. దానిని చూచుటకు రెడ్డిగారు లేరు.

1930లో ఉప్పు సత్యాగ్రహ సమయమున ప్రభుత్వము సాగించిన దమనకాండకు నిరసనగా రెడ్డిగారు ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేసిరి. వారి వెనుక సర్వేపల్లి రాధాకృష్ణగారు 1931లో ఆ పీఠమును అలంకరించిరి. 1936లో మరల ఎన్నికైన రెడ్డిగారు 1949 వరకు దానిని నిర్వహించిరి. యుద్ధకాలమున, 1942లో, విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోవలసి వచ్చినను చదువులు ఆగనీయలేదు. ఆ యేడే ఆంగ్ల ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదమును స్వీకరించుట కొందరికి నచ్చలేదు. పండ్రెండేండ్ల క్రిందట నిరసించి పదవి వదలినవారే బిరుదమును గ్రహించిరన్న విమర్శను దాచిపెట్టనక్కరలేదు. మహనీయుల జీవితమున వెలుగుతో పాటు నీడయు నుండును.

1949లో వారిని మైసూరు విశ్వవిద్యాలయము ప్రో ఛాన్సలరుగా ఆహ్వానించినది. తాము యౌవనమున పాటుపడిన విద్యాక్షేత్రమునకే వృద్ధాప్యమున మరలిరి. అవివాహితులుగనే జీవితమును విద్యకు ధారపోసి, 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి.

పదవి వచ్చుట గొప్ప కాదు. వచ్చిన పదవితో ఎవనికి తలుపు తెరచితిమన్నదే లెక్కకు వచ్చును. బసవేశ్వరులు బిజ్జలుని కొలువున భాండాగారాధికారిగా నుండియు ఆ యధికారమును జంగమ దాసోహమునకు, దీనజనోద్ధరణకు వినియోగించిరి. నేడు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో వీరశైవ కుటుంబముల యువకులును, యువతులును ఉపాధ్యాయులై, విద్యాధికారులై పనిచేయుచున్నారు. వారు తమ బడిలో వెనుక బల్లపై కూర్చున్న పేదబిడ్డను ముందునకు పిలిచిన దినమున రామలింగారెడ్డిగారి కాయకము కొనసాగినట్లే. అదియే బసవ తత్త్వమునకు తగిన లింగపూజ.